పాత బడిలో మూడో పిలుపు

దోహాకి పడమరగా ఉన్న దుఖాన్‌కి ఉత్తరంగా, సముద్రం ఒడ్డున ఒక పాడుబడిన పల్లె ఉండేది. నేను చెప్పేది తొంభై నాలుగు జనవరి నాటి మాట. ఆయిల్ పడ్డాక ఆ ఊరివాళ్లంతా కంపెనీ ఉద్యోగాలకీ దోహాకీ వెళ్లిపోయారట. రాళ్లు పేర్చి కట్టిన గోడలు మిగిలాయి. పైకప్పు కూలిన మసీదు ఒకటి, ఊరి చివర రెండు గదుల బడి ఒకటి.

ఆ బడికి చెడ్డపేరు.

రాత్రిపూట అందులోంచి ఎవరో పేర్లు పిలుస్తారని చెప్పుకునేవారు. ఒక పేరు... కాసేపు ఏమీ ఉండదు... మళ్లీ ఇంకో పేరు. మా రోడ్డు పని క్యాంప్‌కి నీళ్ల ట్యాంకర్ నడిపే బలూచీ డ్రైవర్ ఒక రాత్రి అక్కడే టైరు పంక్చరై దిగాడు. దిగినవాడు జాకీ, స్పానరూ ఇసకలోనే వదిలేసి, గాలి లేని టైరుతో క్యాంప్ దాకా వచ్చాడు. ఇదేం పనయ్యా అంటే, "జిన్నులు హాజరు తీసుకుంటున్నాయి సాబ్. ఆ లిస్టులో పేరున్నవాడు పోతాడు" అన్నాడు.

నేను నవ్వాను. పగటిపూట నేను ఇలాంటి వాటికి బాగానే నవ్వుతాను.

నా సంగతి చెప్పలేదు కదూ. పేరు సుధాకరరావు, మాది అమలాపురం దగ్గర. ఆ రోడ్డు పని క్యాంప్‌లో నేను టైమ్ కీపర్‌ని. పొద్దున్నే నాలుగున్నరకి బస్సుల ముందు నిలబడి రెండొందల పది మంది పేర్లు పిలవడం నా డ్యూటీ. మలయాళీ అయినా, బెంగాలీ అయినా, మన కరీంనగర్ వాడైనా "హాజిర్" అనాలి. మూడుసార్లు పిలుస్తాను. మూడోసారికీ పలక్కపోతే గైర్హాజరు వేసేస్తాను.

ఇందులో నేను మహా ఖచ్చితమైన మనిషినని నా నమ్మకం. తెల్లవారుజాము చీకట్లో మొహాలు కనపడనప్పుడు, బాత్రూం దగ్గర లైన్లో ఉన్నవాడి బదులు పక్కవాడు "హాజిర్" అనేస్తాడని నాకు తప్ప క్యాంప్ మొత్తానికి తెలుసు.

ఆ విద్యలో ఆరితేరినవాడు మొహియుద్దీన్. మెట్‌పల్లి కుర్రాడు, షట్టరింగ్ కార్పెంటర్. వాడి గదిలోనే ముత్యం ఉండేవాడు. పక్క పక్క ఊళ్లవాళ్లు, ఒకే విమానంలో వచ్చారు, ఒకే స్టవ్ మీద వండుకునేవారు. ముత్యానికి చేపల పిచ్చి. శుక్రవారం సెలవు వస్తే చాలు, గాలం పట్టుకుని సముద్రం వైపు పోయేవాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం కూడా అలాగే పోయాడు, పాడుపల్లె ఒడ్డుకి. రాత్రికి తిరిగి రాలేదు.

దుఖాన్‌లో వాళ్ల ఊరివాడొకడు ఉన్నాడు, అక్కడ పడుకుని ఉంటాడులే అనుకున్నాడు మొహియుద్దీన్. శనివారం పొద్దున నేను ముత్యం పేరు పిలిచాను. "హాజిర్" అని వినపడింది. టిక్కు పెట్టాను.

సాయంత్రం ఆ దుఖాన్ మనిషే క్యాంప్‌కి వచ్చాడు. "ముత్యం ఏడి?" అని అడిగాడు.

పొద్దున ముత్యం బదులు "హాజిర్" అన్నది మొహియుద్దీనే.

మనిషి కనపడక ఒక రోజు దాటిపోయింది. కాగితం మీద మాత్రం డ్యూటీలో ఉన్నాడు. డ్యూటీలో ఉన్నవాణ్ణి ఎవరు వెతుకుతారు? నాకొచ్చి చెబితే దొంగ హాజరు బయటపడుతుంది, ఇద్దరికీ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. చెప్పకపోతే ముత్యం ఆ ఒడ్డునే ఎక్కడో చలికి చస్తాడు.

వాడు నా దగ్గరికి రాలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నాకు సిగ్గేస్తుంది. ఒక మనిషి దెయ్యాల బడికైనా పోతాను గానీ టైమ్ కీపర్ గదికి మాత్రం పోను అనుకున్నాడంటే నేను ఎలాంటివాణ్ణో చూడండి.

రాత్రి ఇషా నమాజు చేసుకుని, టార్చిలైటు తీసుకుని ఒక్కడే బయల్దేరాడు. ఆ తర్వాతది వాడు చెప్పగా నేను విన్నదే.

ఆ రాత్రి మంచు పడుతోంది. ఎడారిలో మంచేమిటనకండి, జనవరిలో సముద్రం పక్కన పడుతుంది, చెయ్యి చాపితే వేళ్లు కనపడవు. కింద ఉప్పు పొర అడుగడుక్కీ విరుగుతోంది. తన అడుగుల చప్పుడే వెనక ఇంకెవరో వస్తున్నట్టు వినపడుతోంది. ఆగితే అదీ ఆగుతోంది.

"ముత్యం... ఓ ముత్యం..."

గట్టిగా అరవడానికి భయం, అరవకపోతే వాడికి వినపడదని భయం. అందుకని గుసగుసకి కాస్త పైగా పిలుచుకుంటూ నడిచాడు.

ఒడ్డున ముందు గాలం దొరికింది. తర్వాత ఒక చెప్పు... ఒకటే.

టార్చి కిందకి వేసి చూశాడు. ముత్యం వచ్చిన అడుగులున్నాయి. వెళ్లిన అడుగులు లేవు. వాటి పక్కనుంచి ఇంకెవరివో అడుగులు ఊరి వైపు వెళ్లాయి — బాగా లోతుగా దిగబడిన అడుగులు.

అప్పుడే వెనక్కి పరుగెత్తి ఉండాల్సింది. నేనైతే పరుగెత్తేవాణ్ణి, అబద్ధమెందుకు. వాడు మాత్రం ఆ అడుగుల మీద టార్చి వేసుకుంటూ వెళ్లాడు. వెళ్లి వెళ్లి అవి బడి దగ్గర ఆగాయి.

కిటికీలో పసుప్పచ్చటి వెలుగు.

టార్చి ఆర్పేశాడు. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. లోపలినుంచి గొంతు...

"లతీఫ్."

ఏమీ లేదు. సముద్రం చప్పుడు కూడా లేదు.

"హుమాయూన్."

మళ్లీ అంతే. పదిసార్లు ఊపిరి తీసుకునేంత సేపు.

"యాకూబ్..."

బలూచీ చెప్పింది అక్షరాలా జరుగుతోంది. మొహియుద్దీన్ ఖురాన్‌లోని ఆయతుల్ కుర్సీ చదవడం మొదలుపెట్టాడు, చిన్నప్పటినుంచి నోటికొచ్చింది సగంలో మర్చిపోయాడు. తన పేరు వస్తుందేమోనన్న భయం కంటే, ముత్యం పేరు వస్తుందేమోనని ఎక్కువ భయపడ్డాడట. చెవుల్లో వేళ్లు పెట్టుకుందామనుకున్నాడు. పెట్టుకుంటే, వచ్చినా తెలీదని పెట్టుకోలేదు.

పేర్లు సాగుతున్నాయి. ఒక్కో పేరు ఒక్కసారే.

"షేర్ ఆలం."

నిశ్శబ్దం.

ఈసారి ఇంకో పేరు రాలేదు.

"షేర్ ఆలం..." గొంతు తగ్గింది.

నిశ్శబ్దం. గోడ రాళ్ల చలి వీపులోకి దిగుతోంది.

"షేర్... ఆలం..."

"హాజిర్."

లోపల ఏదో పడి పగిలింది. దీపం ఆరిపోయింది.

తన నోరు తనకి తెలీకుండానే తెరుచుకుందని మొహియుద్దీన్ నాతో అన్నాడు. మూడో పిలుపుకి ఎవరూ పలకలేదంటే పక్కవాడి బదులు పలికేయడం రెండేళ్లుగా అలవాటైన నోరు. బుద్ధి కంటే నోరు ముందు పోయిందన్నాడు.

చీకట్లో ఎవరో గోడ తడుముకుంటూ వస్తున్నారు. కాళ్లు ఈడుస్తున్న చప్పుడు. ఏడుపు కాదు, మాట కాదు, రెంటికీ మధ్య ఒక గుసగుస —

"పలకొద్దు... పలకొద్దు బేటా... నీ కాళ్లు పట్టుకుంటాను, పలకొద్దు..."

మొహియుద్దీన్ లేవబోయాడు.

ఒక చెయ్యి వచ్చి వాడి మొహం మీద పడింది. మంచులా చల్లగా ఉంది. నుదురు తడిమింది, ముక్కు తడిమింది, పెదవుల దగ్గర ఆగింది.

"వెచ్చగా ఉన్నావే," అంది ఆ గొంతు ఆశ్చర్యంగా.

దెయ్యం తనని చూసి ఆశ్చర్యపోతుందని ఎవరనుకుంటారు? ఆ ఒక్క మాటతో మొహియుద్దీన్‌కి కొంచెం ప్రాణం లేచొచ్చింది. చేతికి టార్చి తగిలితే నొక్కాడు.

ఒక ముసలాయన. తెల్లటి గడ్డం, భుజాల మీద గొర్రెబొచ్చు కంబళి. వెలుగులో వణికిపోతున్నాడు. భయపడుతున్నది తానొక్కడే కాదని మొహియుద్దీన్‌కి అప్పుడు తెలిసింది.

"ఎవరు నువ్వు?"

"రోడ్డు క్యాంప్‌ల పని చేస్త బాబా. మా దోస్తును దేవులాడుతున్న."

ముసలాయన లోపలి గదిలోకి చెయ్యి చూపించాడు. అక్కడ ముత్యం పడుకుని ఉన్నాడు, మడమకి కర్రముక్కలు పెట్టి తలపాగా గుడ్డతో బిగించి కట్టి ఉంది. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే తెలివి లేదు, కానీ బతికే ఉన్నాడు. శుక్రవారం సాయంత్రం రాళ్లమీద జారి పడితే ముసలాయనే వీపున వేసుకుని మోసుకొచ్చాడట. అడుగులు అంత లోతుగా దిగబడింది అందుకే. కబురు పంపుదామంటే మనిషి లేడు, బండి లేదు. చలికాలం తన అర్బాబ్, అంటే యజమాని, గొర్రెల్ని ఆ పాడుపల్లెలో ఉంచుతాడు, వాటికి ఈయన కాపలా. అర్బాబ్ పికప్ సోమవారం గానీ రాదు.

మొహియుద్దీన్ ముత్యం పక్కన కూలబడి ఏడ్చాడు. ఏడ్చానని వాడే చెప్పాడు.

కొంతసేపటికి అడిగాడు. "బాబా, ఎవలను పిలుస్తున్నవ్?"

ముసలాయన లాంతరు వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి. ఆయన పేరు సఖీదాద్. కాబూల్‌కి దక్షిణంగా ఒక చిన్న పట్నంలో బడిపంతులు. పెషావర్ కాందిశీకుల క్యాంప్‌లో నేర్చుకున్న ఉర్దూలో, ముక్కలు ముక్కలుగా చెప్పాడు.

డెబ్భై ఎనిమిది వసంతంలో అక్కడ ఎర్రజెండావాళ్లు సైన్యంతో గద్దెనెక్కారు. బడి గోడకి నాయకుడి ఫోటో తగిలించమన్నారు, తగిలించారు. ముందు ముల్లాని తీసుకుపోయారు. తర్వాత భూస్వామిని. ఆ తర్వాత హెడ్మాస్టర్‌ని తీసుకుపోయారు, ఆయన కూడా పార్టీ మనిషే, కాకపోతే అవతలి ముఠా. ఏడాదిన్నర తిరక్కుండా ఆ నాయకుణ్ణి వాళ్లలోనే ఇంకో నాయకుడు చంపేస్తే, పుస్తకాల్లో పాత ఫోటో చింపి కొత్తది అంటించమన్నారు. పిల్లలు జిగురు పెట్టి అంటించారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడిగేవారు కాదు. ఇళ్లలో మొగుడూ పెళ్లాలు కూడా దుప్పటి కింద మాట్లాడుకునేవారు.

మా పెద్దనాన్న పార్టీ మనిషి. మా ఇంట్లో ఎర్రజెండా అంటే కూలివాడి జెండా. ఆ జెండా కింద ఇది జరిగిందని మొహియుద్దీన్ చెబుతుంటే నాకు చాలాసేపు మింగుడుపడలేదు. ఇప్పటికీ పూర్తిగా పడలేదు.

ఒక పొద్దున బడి గోడ మీద ఎవరో ప్రభుత్వానికి వ్యతిరేకంగా బొగ్గుతో రాశారు. మధ్యాహ్నానికి లారీ వచ్చింది. ఆఫీసర్ పదో తరగతిలోకి వచ్చి, మర్యాదగా కుర్చీ లాక్కుని కూర్చుని, "మాస్టర్, హాజరు పిలవండి. ఉన్నవాళ్లని గంటసేపు ప్రశ్నలు అడిగి పంపేస్తాం" అన్నాడు. సఖీదాద్ మాస్టర్ రిజిస్టరు తెరిచాడు.

"లతీఫ్ అన్నాను. హాజిర్ అని లేచాడు. బయటికి పంపారు. హుమాయూన్ అన్నాను. హాజిర్ అన్నాడు. కిటికీలోంచి చూస్తే, లారీ దగ్గర వాళ్ల చేతులు వాళ్ల మెడల్లో రుమాళ్లతోనే కడుతున్నారు. అప్పుడే అర్థమైంది నాకు. అర్థమయ్యాక కూడా పిలిచాను. ఇంకా పద్నాలుగు మందిని పిలిచాను."

చివరి పేరు షేర్ ఆలం. మూడో బెంచీలో, ముందువాడి వెనక తల దించుకుని కూర్చున్నాడు. ఆ ఆఫీసర్‌కి మొహాలు తెలీవు, పేర్లే కావాలి. తీసుకుపోవాల్సినవాళ్ల కాగితం మీద ఎవరి పేరుందో ఎవరిది లేదో కూడా ఎవరికీ తెలీదు. బెంచీల్లో మిగిలింది చిన్న క్లాసునుంచి వచ్చి కూర్చున్న నలుగురు పిల్లలూ, వాడూ.

"ఒకసారి పిలిచాను. వాడు పలకలేదు. నా వైపు చూశాడు. రెండోసారి పిలిచాను. పలకలేదు. ఆఫీసర్ పెన్ను మూత పెట్టేశాడు. 'రాలేదేమో, వదిలేయండి' అన్నాడు. అన్నాడు బేటా... వదిలేయండి అన్నాడు."

ముసలాయన లాంతరు వత్తి సరిచేశాడట.

"ఇరవై రెండేళ్లుగా అలవాటు. మూడుసార్లు పిలవకుండా నేను గైర్హాజరు రాయను. ఎవరూ పిలవమనలేదు. నా నోరే పిలిచింది. మూడోసారి నేను పిలిస్తే... వాడు లేచి నిలబడ్డాడు."

"ఎవలు బాబా, ఆ పిలగాడు?"

"నా కొడుకు."

తర్వాత రష్యా సైన్యం వచ్చాక కాబూల్‌లో ఒక ఆఫీసు గోడకి జాబితాలు అంటించారట, పోయినవాళ్లవి. ఆ గోడ దగ్గర రోజంతా నిలబడి పదిహేడు పేర్లూ వెతుక్కున్నాడు. పదిహేడూ ఉన్నాయి.

"ఆ రోజు ఎవరూ పలక్కపోయుంటే బతికేవాళ్లు. అందుకే రోజూ పిలుస్తాను. పిలిచి ఆగుతాను. ఎవరూ పలకరు. హమ్మయ్య అనుకుంటాను. అప్పుడు కాస్త నిద్రపడుతుంది. పద్నాలుగేళ్లుగా ఒక్కడూ పలకలేదు... ఇవ్వాళ పలికారు."

లాంతరు ఎత్తి మొహియుద్దీన్ మొహం దగ్గర పట్టాడు.

"నిజం చెప్పు. పలికింది నువ్వేనా?"

"నేనే బాబా."

"వాడైతే... నేను వాణ్ణి మళ్లీ లారీ ఎక్కించినట్టే. నువ్వేనని ఒట్టు పెట్టు."

మొహియుద్దీన్ ఖురాన్ మీద ఒట్టు పెట్టాడు. క్యాంప్‌లో ఇదే మా అలవాటు, మా టైమ్ కీపర్ పిచ్చోడు, పక్కోడి బదులు మేం పలుకుతుంటాం అని ఉన్నదంతా చెప్పాడు. ముసలాయనకి నమ్మకం చిక్కలేదు.

"మరొక్కసారి అను. అలాగే అను, ఆ గొంతుతోనే."

"హాజిర్" అన్నాడు మొహియుద్దీన్. భయానికో ఏమో, గొంతు సన్నగా వచ్చిందట. ముసలాయన కళ్లు మూసుకుని విన్నాడు.

"ఆఁ... ఇదే. ఇదే గొంతు," అన్నాడు చివరికి. కంబళి కప్పుకుని, గోడ వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా నిద్రపోయాడు.

తెల్లవారుజామున మూడున్నరకి నా తలుపు కొట్టాడు మొహియుద్దీన్. దొంగ హాజరు మొదలుకుని అంతా చెప్పేశాడు. నేను తిట్టాను, బాగానే తిట్టాను, తిడుతూనే పికప్ తాళాలు తీసుకున్నాను. ముత్యాన్ని దోహా ఆస్పత్రిలో చేర్పించాం. ఇంకో రాత్రి గడిచి ఉంటే కాలు తీసేయాల్సి వచ్చేదన్నాడు డాక్టర్. శనివారం టిక్కు రిజిస్టరులో అలాగే ఉండిపోయింది. దాన్ని కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

ఆ తర్వాత బడిలోంచి పేర్లు వినపడలేదు. దెయ్యం కాదురా, పాపం కొడుకుని పోగొట్టుకున్న పంతులని నేనే అందరికీ చెప్పాను. బలూచీ డ్రైవర్ ఆయనకి ఒక డబ్బా తేనె ఇచ్చొచ్చాడు. మార్చిలో గొర్రెలతోపాటు ఆయనా ఎటో వెళ్లిపోయాడు.

నవంబరులో మొహియుద్దీన్ సెలవు మీద ఇంటికి బయల్దేరాడు. ఎయిర్‌పోర్టుకి నేనే దిగబెట్టాను. దుఖాన్ రోడ్డు మీద, చీకటి పడుతుండగా, వాడు ఉన్నట్టుండి అన్నాడు.

"సార్, ఒక ముచ్చట ఉన్నది. ఎవ్వలకు చెప్పలే. ముత్యానికి గూడ."

"చెప్పు."

"ఆ రాత్రి నేను పలకలే సార్."

బండి వేగం తగ్గించాను. "ఏంట్రా నువ్వనేది?"

"రెండు చేతులతోని నోరు మూసుకొని కూసున్న. బుగ్గల మీద గోర్లు దిగినయి. తెల్లారి మీరే అడిగితిరి, ఆ గాట్లేందని."

అడిగాను. ముళ్లకంప గీరుకుందన్నాడు.

"మరి ఖురాన్ మీద ఒట్టు..."

"పెట్టిన. అల్లా ఏమంటడో అననీ. అప్పుడు ఆ ముసలాయన మొఖం మీరు జూడలే. చూస్తే మీరు గూడ పెడుదురు."

వాడు అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు.

"నేను పోయేవరకే ఆ గోడ కాడ ఇంకొకలు దాక్కొని ఉండె సార్. నా భుజానికి ఆనుకొనే. ఊపిరి బిగబట్టుకున్నది తెలుస్తుండె. ముత్యమేనేమో అనుకున్న. మొదటి పిలుపుకు గట్టిగ వణికిండు, పలకలే. రెండోదానికి ఏడ్సిండు, పలకలే."

"తర్వాత?"

"నాయిన మూడోసారి పిలిస్తె ఎట్ల పలకకుంట ఉంటడు సార్."